ఊర్లకి ఊర్లు లాటరీ వేసి స్టడీ చేసేవాళ్ల కోసం ఎన్‌ఐహెచ్ ఫ్రీ కోర్సు: అనంతపురం నుంచి నా రివ్యూ

పబ్లిక్ హెల్త్‌లో పని చేసేవాళ్లు, కర్నూలు, అనంతపురం, కడప మెడికల్ కాలేజీల్లో కమ్యూనిటీ మెడిసిన్ పీజీ చేసేవాళ్లు, ఎన్జీఓల్లో సర్వేలు నడిపేవాళ్లు ఎవరైనా సరే, ఊరు మొత్తాన్నో స్కూలు మొత్తాన్నో ఒక యూనిట్‌గా తీసుకుని ప్రోగ్రాం దేనికివ్వాలో లాటరీ వేసే స్టడీ చేయబోతుంటే ముందు ఈ కోర్సు చూసేయండి, ప్రోటోకాల్ (స్టడీ ఎట్ల చేస్తామో రాసే ప్లాన్) తర్వాత రాసుకోవచ్చు. అమెరికా సర్కారు ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్‌లో ఆఫీస్ ఆఫ్ డిసీజ్ ప్రివెన్షన్ వాళ్లు పెట్టింది, పేరు ప్రాగ్మాటిక్ అండ్ గ్రూప్-రాండమైజ్డ్ ట్రయల్స్ ఇన్ పబ్లిక్ హెల్త్ అండ్ మెడిసిన్. మొత్తం 7 భాగాలు, వీడియోలు, పైసా ఖర్చు లేదు, మన వీలు చూసుకుని చూసుకోవచ్చు, స్లైడ్స్ కూడా దించుకోవచ్చు. పాఠం చెప్పేది డేవిడ్ ముర్రే, 2012 లో ఆ ఆఫీసుకి డైరెక్టర్ అయినాయన, ఈ రకం ట్రయల్స్ డిజైన్ మీదే దశాబ్దాలుగా పని చేసిన మనిషి. నా రేటింగ్ 5 కి 4. ఆ ఒక్కటి ఎందుకు తగ్గించానో కింద చెప్తా, అది చిన్న విషయం కాదు.

మా పని అనంతపురం చుట్టుపక్కల ఊర్లలో ఆడవాళ్ల రక్తహీనత మీద. ఆశా వర్కర్ ఇంటింటికీ పోయి ఐరన్ మాత్ర ఎట్ల వేసుకోవాలి, టీతో పాటు ఎందుకు వేసుకోకూడదు, రాగులు, ఆకుకూరలు ఎందుకు తినాలి అని కూర్చుని చెప్తుంది. ఇప్పుడు ఒకే వీధిలో ఈ ఇంటికి చెప్పు, పక్కింటికి చెప్పొద్దు అంటే కుదిరే పనేనా? కొళాయి కాడ, కూలికి పోయే ఆటోలో, పొదుపు సంఘం మీటింగ్‌లో ఆ మాట సాయంత్రానికి ఊరంతా తిరిగేస్తుంది. అందుకే ఊరి మొత్తానికి ఒకే చీటీ, సగం ఊర్లకి ప్రోగ్రాం, మిగతా సగం ఊర్లలో ఎప్పుడూ నడిచేదే నడుస్తుంది, వాటినే కంట్రోల్ ఊర్లు అంటారు. ఇట్ల గుంపుకే లాటరీ వేయడాన్నే గ్రూప్-రాండమైజ్డ్ అంటారు, క్లస్టర్ రాండమైజ్డ్ అన్నా అదే. మనిషి మనిషికి లాటరీ వేయగలిగే చోట మాత్రం ఊరికి వేయొద్దు, ఎందుకంటే ఊరికి వేస్తే దానికి కట్టాల్సిన ఖరీదు ఎక్కువ, ఆ ఖరీదు ఎంతో తెలియకపోతే స్టడీ మొత్తం నీళ్లపాలే.

ఆ ఖరీదు అర్థమవడానికి కోర్సులో ఐసీసీ (ఇంట్రాక్లాస్ కోరిలేషన్ కోఎఫిషియంట్) అనే మాట దగ్గర బాగా ఆగాలి. అన్నం ఉడికిందా అని చూడ్డానికి ఒక మెతుకు పట్టి చూస్తే చాలంటారు కదా, ఒకే కుండలో ఉడికిన మెతుకులు ఒకేలా ఉంటాయి కాబట్టే అది చాలుతుంది, అదే కుండలోంచి ఇంకో యాభై మెతుకులు పట్టి చూసినా కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు. ఒక ఊరి ఆడవాళ్లు మరీ అంత కాకపోయినా కొంతవరకు అట్లాంటోళ్లే, ఒకే నీళ్లు, ఒకే స్టోర్ బియ్యం, ఒకే ఏఎన్ఎమ్మ, ఒకే రకం పంట. ఆ పోలిక ఎంతుందో చెప్పే నంబరే ఐసీసీ. ఊరికి ఎంతమందిని తీసుకుంటామో అందులో 1 తీసేసి, దాన్ని ఐసీసీతో గుణించి, 1 కలిపితే డిజైన్ ఎఫెక్ట్ వస్తుంది. ఐసీసీ 0.05 అనుకుని లెక్క వేద్దాం. 20 ఊర్లు, ఊరికి 40 మంది, మొత్తం 800 మంది అయితే డిజైన్ ఎఫెక్ట్ 2.95, అంటే మన 800 మంది నిజానికి 271 మంది విలువే చేస్తారు. అదే 800 మందిని 8 ఊర్లలో ఊరికి వంద చొప్పున తీసుకుంటే 134 మందికి పడిపోతుంది, 40 ఊర్లలో ఊరికి 20 చొప్పున తీసుకుంటే 410 కి పెరుగుతుంది. రక్తపరీక్షల ఖర్చు మూడింటికీ ఒకటే! దూరాలు, జీపు డీజిల్, స్టాఫ్ అన్నీ చూసుకుని తక్కువ ఊర్లలో ఎక్కువమందిని తీసుకుందాంలే అనుకునేవాళ్లకి ఈ లెక్క ఒక్కటి చూపిస్తే చాలు, మాట వింటారు.

ఇంకోటి కూడా ఉంది, దీన్ని మన థీసిస్‌లలో చాలామంది చూడకుండా పోతారు. ఊర్లు తక్కువైతే డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (తేడా నిజమా కాదా తేల్చడానికి మన చేతిలో ఉండే విడివిడి సమాచారం ఎంతో చెప్పే నంబర్) తక్కువవుతాయి, అవి మనుషుల లెక్కలో రావు, ఊర్ల లెక్కలోనే వస్తాయి. ప్రోగ్రాం ఒక పక్క, కంట్రోల్ ఇంకో పక్క అనుకుంటే, పక్కకి 10 ఊర్లుంటే 18, పక్కకి 4 ఉంటే 6, పక్కకి 2 ఉంటే 2 అంతే. తేడా నిజమే అని చెప్పడానికి దాటాల్సిన టీ విలువ మామూలుగా అందరికీ తెలిసిన 1.96 కాదు, 18 కి 2.10, 6 కి 2.45, 2 కి ఏకంగా 4.30. ఇక పక్కకి ఒక్కో ఊరే పెట్టి చేసే స్టడీలు ఉంటాయి చూడండి, అందులో కనపడే తేడా ప్రోగ్రాం వల్ల వచ్చిందో ఆ ఊరి వల్ల వచ్చిందో దేవుడు కూడా విడదీయలేడు, ఊరికి వెయ్యి మందిని చూసినా అంతే. ఈ భాగం ముర్రే గారు చాలా గట్టిగా చెప్తారు, కోర్సు మొత్తానికీ ఇదే వెన్నెముక.

ఈ ట్రయల్స్‌లోకి బయాస్ (ఫలితాన్ని ఒక పక్కకి లాగే తప్పు) దూరే దార్లు ఆయన నాలుగు చెప్తారు: సెలెక్షన్ (మొదట్లోనే రెండు పక్కలా వేరే రకం ఊర్లో మనుషులో ఉండటం), డిఫరెన్షియల్ హిస్టరీ, డిఫరెన్షియల్ మెచ్యూరేషన్, కంటామినేషన్. ఆయన ఉదాహరణలు వాళ్ల దేశానివి, కానీ వింటున్నంతసేపూ నా కళ్ల ముందు మన ఊర్లే తిరిగాయి. హిస్టరీ అంటే స్టడీ నడుస్తుండగా ఒక పక్క ఊర్లకి మాత్రమే తగిలే సంఘటన. ప్రోగ్రాం ఊర్లలో రెండిటికి కొత్త ఆర్వో ప్లాంట్ వచ్చిందనుకోండి, లేదా ఒక పక్క ఊర్లలో వేరుశనగ ఎండిపోయి ఇంకో పక్క ఒక్క వాన ఎక్కువ పడి గట్టెక్కిందనుకోండి, చేతిలో డబ్బు మారుతుంది, వంటింట్లో కూర మారుతుంది, హిమోగ్లోబిన్ కూడా మారుతుంది. ఊర్లు ఎక్కువుంటే ఇట్లాంటివి రెండు పక్కలా దాదాపు సమానంగా పంచుకుపోతాయి, నాలుగైదు ఊర్లే ఉంటే పంచుకుపోవు. మెచ్యూరేషన్ అంటే ఏ ప్రోగ్రాం లేకపోయినా ఒక పక్క ఊర్లు వాటంతట అవి వేరే వేగంతో మారిపోతుండటం, హైవే పక్కనున్న ఊరు, లోపల కొండ కింద ఊరు ఐదేళ్లలో ఒకేలా మారవు కదా.

కంటామినేషన్, అంటే ప్రోగ్రాం మాట కంట్రోల్ ఊర్లకి దాటడం, ఆ సంగతి మనవాళ్లకి చెప్పక్కర్లేదు. ఒకే ఏఎన్ఎమ్మ కింద రెండు ఊర్లు, ఒకటి ప్రోగ్రాంలో ఒకటి కంట్రోల్‌లో ఉంటే ఆమె నేర్చుకున్నది ఈ ఊర్లో చెప్పి ఆ ఊర్లో దాచుకుంటుందా, దాచుకోమని అడగడం కూడా తప్పే. అందుకే యూనిట్‌ని ఊరు కాకుండా సబ్‌సెంటర్‌గా తీసుకోవడమో, మధ్యలో కొన్ని ఊర్లు ఖాళీ వదలడమో చేయాలి. సంత ఒకటే అయినా, ఆడపిల్లలు ఆ ఊరి నుంచి ఈ ఊరికి కోడళ్లుగా పోయినా మాటలు దాటుతాయి, మ్యాప్ ముందేసుకుని లోకల్ స్టాఫ్‌ని పక్కన కూర్చోబెట్టుకుని చూడాల్సిందే.

మనకి ఐదోది ఒకటి ఉంది, వలస. ఆదోని, కోసిగి పక్క సుగ్గికి పోతారు, ఇళ్లకి తాళాలు వేసుకుని పిల్లల్ని కూడా తీసుకుని గుంటూరు మిరప కోతలకి పోతారు, మా అనంతపురం పక్క బెంగళూరుకి పోతారు. బేస్‌లైన్‌లో (మొదటి సర్వేలో) దొరికిన మనిషి ఎండ్‌లైన్‌లో (చివరి సర్వేలో) దొరకదు. రెండు పక్కలా ఒకే మాదిరి పోతే నంబర్ తగ్గుతుంది అంతే, కానీ ఒక పక్క పేద ఇళ్లే ఎక్కువ పోయి, ఇంకో పక్క మిగిలితే ఫలితమే వంకర తిరుగుతుంది. సర్వే క్యాలెండర్ వేసేటప్పుడు వలస నెలలు చూసి వేయాలి, రెండు పక్కల ఊర్లకీ ఒకే వారాల్లో పోవాలి. కంట్రోల్ ఊర్లు చివర్లో చూసుకుందాంలే అంటే అప్పటికి ఊరు సగం ఖాళీ.

రెండో భాగంలో లాటరీ ఎట్ల వేయాలో ఉంటుంది, అది నాకు చాలా నచ్చింది. 20 ఊర్లని 10, 10 గా విడగొట్టడానికి 1,84,756 రకాల దార్లున్నాయి. చీటీలు తీస్తే అందులో ఏదైనా రావొచ్చు, పెద్ద ఊర్లన్నీ ఒక పక్కకే వచ్చేది కూడా రావొచ్చు. అందుకని ముందే ఊరి జనాభా, పీహెచ్‌సీ దూరం, బేస్‌లైన్ హిమోగ్లోబిన్ లాంటివి పెట్టుకుని, ఆ దార్లన్నీ కంప్యూటర్‌తో రాయించి, రెండు పక్కలా సమానంగా ఉన్నవి మాత్రం ఉంచి, వాటిల్లోంచి ఒకటి లాటరీ తీయొచ్చు. లేదంటే ముందు పెద్ద ఊర్లు, చిన్న ఊర్లు అని గుంపులు చేసి ఏ గుంపుకి ఆ గుంపులో లాటరీ వేయొచ్చు. మరీ బిగించేస్తే మాత్రం లాటరీ అనే మాటకి అర్థం ఉండదు, కొన్ని ఊర్ల జంటలు ఎప్పుడూ ఒకే పక్కకి వస్తుంటాయి, అది కూడా చూసుకోవాలి. ఊర్లు మరీ తక్కువైతే ఇంకో గోడ తగులుతుంది. 6 ఊర్లని 3, 3 చేయడానికి ఉన్న దార్లు 20 మాత్రమే, పర్మ్యుటేషన్ టెస్ట్ (వచ్చిన తేడాని లాటరీలో రాగలిగిన అన్ని దార్లలో వచ్చే తేడాలతో పోల్చే టెస్ట్) చేస్తే రెండు వైపులా కలిపి వచ్చే అతి చిన్న పీ విలువ (ప్రోగ్రాం పని చేయకపోయినా ఇంత తేడా కనపడే అవకాశం) 0.1. అంటే ప్రోగ్రాం ఎంత గొప్పగా పని చేసినా ఆ టెస్ట్‌లో మామూలుగా అందరూ పెట్టుకునే 0.05 గీత కిందికి దిగే దారే లేదు. స్టడీ మొదలుపెట్టకముందే ఈ సంగతి తెలుసుకుంటే ఎంత డబ్బు, ఎంతమంది ఆడవాళ్ల రక్తం మిగులుతుందో ఆలోచించండి.

ఇప్పుడు ఆ తగ్గించిన ఒక్క స్టార్ గురించి. కోర్సు బరువంతా డిజైన్, అనాలిసిస్ మీద ఉంది, మనుషుల్ని లిస్టులోకి ఎక్కించే పని మీద నాకు ఇంకా చాలా కావాలనిపించింది. ఎందుకంటే మన దగ్గర లాటరీ బాగానే వేస్తారు, లాటరీ అయిన తర్వాతే చెడిపోతుంది. నాకు తెలిసిన ఒక స్టడీలో, పేరు అనవసరం, ముందు ఊర్లకి లాటరీ వేసి ఏ ఊరు దేంట్లోదో అందరికీ చెప్పేసి ఆ తర్వాత ఆశా వర్కర్లని ఊరికి ఇంతమందిని చేర్చండి అన్నారు. ప్రోగ్రాం ఊర్లలో వాళ్లు ఏం చేశారంటే బాగా మాట వినేవాళ్లని, ఆస్పత్రికి పిలిస్తే వచ్చేవాళ్లని చూసి చేర్చారు, ఎందుకంటే తర్వాత వాళ్ల చుట్టూ తిరగాల్సింది తామే కదా. కంట్రోల్ ఊర్లలో ఆ పట్టింపు లేదు, ఇంట్లో ఎవరు దొరికితే వాళ్లని రాశారు. కొందరు మాకేం ఇస్తారు అని అడిగి, ఏమీ లేదంటే సంతకం పెట్టలేదు. ప్రోగ్రాం మొదలు కాకముందే రెండు పక్కల ఆడవాళ్లు వేరు వేరు రకం మనుషులు అయిపోయారు. ఆశా వర్కర్లని తప్పు పట్టేది ఏం లేదు, ఎవరున్నా అట్లే చేస్తారు, తప్పు వరసది.

ఇది మన దగ్గర మాత్రమే జరిగేది కాదు. బ్రిటన్‌లో నడుంనొప్పి మీద యూకే బీమ్ అని ఒక పెద్ద ట్రయల్ చేశారు, దాని ఫీజిబిలిటీ స్టడీలో (అసలుదానికి ముందు చిన్నగా చేసి చూసేదాంట్లో) ఎవరికి ట్రైనింగ్ ఇవ్వాలో డాక్టర్ల క్లినిక్‌లకి లాటరీ వేశారు. ట్రైనింగ్ తీసుకున్న క్లినిక్‌లు మిగతావాటికన్నా రెండింతలకు పైగా పేషెంట్లని చేర్చాయి, ఆ చేరినవాళ్ల నొప్పి కూడా తక్కువే. అట్లనే వదిలేస్తే తక్కువ నొప్పి ఉన్నవాళ్లతో మొదలుపెట్టి ట్రైనింగ్ వల్లే నొప్పి తగ్గింది అని రాసుకునేవాళ్లు. వాళ్లు చూసుకున్నారు, బయటికి చెప్పారు, అసలు ట్రయల్‌లో పేషెంట్లకే విడివిడిగా లాటరీ వేశారు. ట్రయల్స్‌లో బయాస్ కొలిచే ఆర్ఓబీ 2 అనే టూల్‌లో కూడా క్లస్టర్ ట్రయల్స్ కోసం మనుషుల్ని ఎప్పుడు, ఎట్ల గుర్తించి చేర్చుకున్నారు అనేదానికి ప్రత్యేకంగా ఒక విభాగమే పెట్టారు.

కాబట్టి కోర్సు చూసేవాళ్లు ఈ వరస పక్కన రాసి పెట్టుకోండి. ముందు అన్ని ఊర్లలో అర్హత ఉన్న ఆడవాళ్లందరి లిస్ట్ తయారవ్వాలి, అందులోంచి కంప్యూటర్ తీసిన పేర్లకే పోవాలి, సమ్మతి తీసుకోవాలి, రక్తం తీసి బేస్‌లైన్ ముగించాలి, అన్ని ఊర్లు అయిపోయాకే లాటరీ. లాటరీ వేసే మనిషికి ఊర్ల పేర్లు తెలియకూడదు, కోడ్ నంబర్లే ఇవ్వాలి. గర్భిణుల మీద స్టడీ అయితే ముందే లిస్ట్ చేయలేం, ఏడాది పొడుగునా కొత్తవాళ్లు వస్తూనే ఉంటారు, అప్పుడు ఏ ఊరు దేంట్లో ఉందో తెలియని మనిషి చేత చేర్పించాలి, లేదంటే రిజిస్టర్‌లో ఎక్కిన ప్రతి ఒక్కరినీ వదలకుండా తీసుకోవాలి. చివర్లో హిమోగ్లోబిన్ చూసేవాళ్లు కూడా వేరే టీం ఉండాలి, పాఠం చెప్పిన ఆశా వర్కరే మీటర్ పట్టుకుని కూర్చుంటే ఆమె కష్టానికి ఆమే మార్కులు వేసుకున్నట్టవుతుంది.

ఉదాహరణల్లో మన పక్కవి ఉంటే ఎంత బాగుండేదో. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలీ డబ్బులు, పెన్షన్లు స్మార్ట్‌కార్డుల మీద ఇచ్చినప్పుడు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్‌తంకర్ అనే ఎకనామిస్టులు మండలాలకే లాటరీ వేసి స్టడీ చేశారు, 8 జిల్లాలు, అందులో మన కర్నూలు, కడప, అనంతపురం మూడూ ఉన్నాయి. 112 మండలాలకి కార్డులు ముందు, 45 మండలాలకి చివర్లో, మధ్యలో బఫర్‌గా 139 మండలాలు. ఆ బఫర్ వల్లే చివరి మండలాలకి కార్డులు రాకముందే సర్వే చేసుకునే వ్యవధి దొరికింది. సర్వేకి కూలీలని ఊర్లో ఎవరో చూపిస్తే తీసుకోలేదు, సర్కారు రికార్డుల్లోని జాబ్‌కార్డుల నుంచి తీశారు. రెండేళ్ల తర్వాత కూడా ముందు పక్క మండలాల్లో దాదాపు సగం చెల్లింపులే కార్డుల మీద జరిగాయి, అయినా కార్డు అందినోళ్లని ఏరి లెక్క వేయలేదు, లాటరీలో ఏ పక్క వచ్చిందో ఆ పక్కే ఉంచి మండలం మొత్తాన్నీ లెక్క వేశారు. పనైన చోటే చూస్తే ఆ చోట్లు ముందు నుంచే మెరుగైనవి కావొచ్చు కదా. 2016 లో ఈ పేపర్ వచ్చింది, కోర్సు రెండో భాగం చూశాక దీన్ని చదివితే ఆ పాఠమంతా మన మండలాల మీద కనపడుతుంది.

అనాలిసిస్ భాగం బరువైంది, దాచేదేం లేదు. స్టాటిస్టిక్స్ మీద కొంచెమైనా పట్టు లేకపోతే మూడో భాగంలో మధ్యలో ఆగిపోతారు. కానీ అందులో పట్టుకోవాల్సిన మాట ఒకటే, లాటరీ ఊరికి వేసినప్పుడు అనాలిసిస్ కూడా ఊరిని లెక్కలోకి తీసుకునే చేయాలి. 800 మందిని ఎస్‌పీఎస్‌ఎస్ సాఫ్ట్‌వేర్‌లో వేసి రెండు సగటుల తేడా చూసే మామూలు టీ-టెస్ట్ కొట్టేస్తే లేని తేడా కూడా ఉన్నట్టు కనపడుతుంది. స్టాటిస్టిషియన్ జెరోమ్ కార్న్‌ఫీల్డ్ 1978 లోనే చెప్పాడు, గుంపులకి లాటరీ వేసి మనుషులకి వేసినట్టు అనాలిసిస్ చేయడం మనల్ని మనం మోసం చేసుకోవడమే అని. అయినా ఆగలేదు. ఆరో భాగం, వచ్చిన పేపర్లలో ఈ పని ఎట్ల చేశారో చూసిన సమీక్షల గురించే. ముర్రే గారు, ఆయనతో పనిచేసినవాళ్లు క్యాన్సర్ రంగంలో వచ్చిన 75 పేపర్లు తీసి 2008 లో చూస్తే సరైన పద్ధతిలో అనాలిసిస్ చేసినవి 45 శాతమే. ఊరికి ఒక సగటు తీసి ఆ 20 సగటుల మీద టెస్ట్ చేయడం అన్నిటికన్నా సులువు, దాంట్లో తప్పేం లేదు. మిక్స్‌డ్ మోడల్స్ (ఊరినీ, మనిషినీ ఒకేసారి లెక్కలోకి తీసుకునే పద్ధతి) వాడితే ఊర్లు తక్కువున్నప్పుడు చిన్న శాంపిల్ కరెక్షన్ పెట్టాలి, ఈ పని ఆర్ సాఫ్ట్‌వేర్‌లో అవుతుంది, స్టాటాలో కూడా అవుతుంది.

వీడియోలు ఇంగ్లిష్‌లోనే, ఆయన నిదానంగానే చెప్తారు కానీ చెప్పే విషయం దట్టంగా ఉంటుంది, స్లైడ్స్ ముందే ప్రింట్ తీసి పక్కన పెట్టుకుంటే అందుకోవడం సులువు. ఫోన్‌లో చూడొద్దు, స్లైడ్స్‌లో ఫార్ములాలు, టేబుళ్లు అందులో కనపడవు. ఎన్‌ఐహెచ్ వాళ్ల రీసెర్చ్ మెథడ్స్ రిసోర్సెస్ సైట్‌లోనే శాంపిల్ సైజ్ కాలిక్యులేటర్ ఫ్రీగా ఉంది, నాలుగో భాగం అయ్యాక అది తెరిచి మన నంబర్లు వేసుకుంటూ పోతే మిగతా అనుమానాలు తీరతాయి. ఐసీసీ ఎంత వేయాలి అని అందరూ అడుగుతారు. మన లాంటి ఊర్లలో, అదే వయసువాళ్ల మీద, అదే కొలత మీద వచ్చిన పేపర్ల నుంచి తీసుకోండి, ఒక్కటే నమ్మొద్దు, 0.02 కి, 0.05 కి, 0.1 కి మూడింటికీ లెక్క వేసి ఎథిక్స్ కమిటీ ముందు పెట్టండి.

పీజీ పిల్లలకి థీసిస్ టాపిక్ ఇచ్చే టైమ్‌కి తీరిక ఉండదు, డ్యూటీలు, పోస్టింగులు. వాళ్లకి నేను చెప్పేది, 1, 2, 4 భాగాలు ప్రోటోకాల్ రాయకముందు చూడండి, మూడోది గైడ్‌నో స్టాటిస్టిషియన్‌నో పక్కన పెట్టుకుని చూడండి, 5, 6 తర్వాత చూసినా నష్టం లేదు. 7 లో వేరే డిజైన్లు ఉంటాయి, ఊర్లు దొరకడం లేదు అనేవాళ్లు అది ముందు చూడండి. ట్రయల్ పేపర్లలో ఏమేం రాయాలో చెప్పే కాన్సార్ట్ వాళ్లు క్లస్టర్ ట్రయల్స్ కోసం 2012 లో మార్చి ఇచ్చిన చెక్‌లిస్ట్ కూడా తీసి పెట్టుకోండి, పేపర్ రాసేటప్పుడు కాదు, ఇప్పుడే. అందులో ఊర్లని ఎట్ల ఎంచారు, మనుషుల్ని ఎవరు చేర్చారు, సమ్మతి లాటరీకి ముందా తర్వాతా అని అడుగుతుంది, జవాబు లేని గడి ఏదైనా మిగిలితే ప్రోటోకాల్ ఇంకా అవ్వలేదన్నమాట. సీటీఆర్ఐలో (మన దేశంలో ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీలో) రిజిస్ట్రేషన్ మొదటి మనిషిని చేర్చకముందే అయిపోవాలి, అందులో శాంపిల్ రాసేటప్పుడు ఎంతమంది అని మాత్రమే రాయకుండా ఎన్ని ఊర్లు, ఊరికి ఎంతమంది, ఐసీసీ ఎంత అనుకున్నాం అనేది కూడా రాసేయండి.